ఏఏ మీటింగ్‌కి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి

తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ)లో మా గ్రూపు ఫోన్ కొన్నేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. విజయవాడలో ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. సాయంత్రాలు ఖాళీగా ఉంటానని ఫోన్ డ్యూటీ, టీ డ్యూటీ రెండూ నాకే అంటగట్టారు. పేరు మాత్రం రాయను. ఏఏ సభ్యులు పేపర్లో గానీ టీవీలో గానీ ఇంటర్నెట్లో గానీ పూర్తి పేరు, ఫొటో పెట్టుకోరు. మా పన్నెండు సంప్రదాయాల్లో అదొకటి. ఇక్కడ రాసేదంతా జనం ఫోన్లో నన్ను అడిగేవాటికి నేను చెప్పే జవాబులే, కాస్త వరసలో పెట్టాను.

ఎక్కువమంది మొదట అడిగేది, "తాగుడు మాన్పించడానికి ఎంత తీసుకుంటారండీ?" అని. ఏమీ తీసుకోం. మాత్రలివ్వం, పసరు పోయం, తాయెత్తు కట్టం, అడ్మిట్ చేసుకోం. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒక గదిలో గంటో గంటన్నరో కూర్చుని తమ సంగతులు చెప్పుకుంటారు, అంతే. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో ఒక షేర్ మార్కెట్ మనిషి, ఒక సర్జన్ కలిశారు. ఇద్దరూ పచ్చి తాగుబోతులే. ఒకరి గోడు ఒకరు వింటూ కూర్చుంటే ఆ పూట తాగకుండా గడిచిపోతోందని వాళ్ళు గమనించారు. అక్కడ మొదలైన పద్ధతి మన దేశానికి 1957లో వచ్చింది.

ఊరికే మాట్లాడుకుంటే తాగుడు పోతుందా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. 2020లో కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసింది, అందులో పదివేల పైచిలుకు మనుషులున్నారు. పూర్తిగా మానేసి ఆ మానడం మీద నిలబడే విషయంలో, ఏఏ వైపు పద్ధతిగా నడిపించిన వైద్యం మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది. అందరికీ పనిచేస్తుందని మాత్రం కాదు. మా గదికి ఒకసారి వచ్చి మళ్ళీ కనబడనివాళ్ళు చాలామందే.

ముందు ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు

ఫోన్ చేసినవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: పొద్దున్నే లేవగానే చేతులు వణుకుతున్నాయా? పళ్ళు తోముకోకముందే ఒక క్వార్టర్ పడితే గానీ వణుకు ఆగట్లేదా? అవునంటే మీటింగ్ సంగతి తర్వాత, ముందు డాక్టరు. రోజూ గట్టిగా తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఒళ్ళంతా చెమటలు, జ్వరం, లేని మనుషులు కనిపించడం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు అనిపించడం జరగొచ్చు. దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు. అది దయ్యం కాదు, ప్రాణం తీసే స్థితి. ఆసుపత్రిలో నిద్రకీ వణుక్కీ మందులిస్తూ, బీ1 విటమిన్ ఎక్కిస్తూ కొన్ని రోజుల్లో దాటిస్తారు.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు అందరికీ తెలిసినవే. ఎర్రగడ్డ పేరు చెప్పగానే "నేనేమన్నా పిచ్చోణ్ణా" అని లేచిపోయేవాళ్ళుంటారు. ఊళ్ళో ఎవరేమనుకుంటారోనన్న భయం ఫిట్స్ వచ్చినప్పుడు అక్కరకు రాదు.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. ఆయనకి తెలియకుండా మజ్జిగలోనో సాంబారులోనో మానిపించే పొడి కలపడం మన ఊళ్ళల్లో మామూలైపోయింది. డాక్టర్లు రాసే డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటుంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడే మందు అది. తెలియని మనిషికి పెడితే చావుకు తెగించినట్టే. ఇక ఊరూ పేరూ లేని పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడికీ తెలియదు.

మీటింగ్ ఎక్కడుందో కనుక్కోవడం

ఏఏ ఇండియా ఆఫీసు ముంబైలో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే గ్రూపుల వివరాలు, ఫోన్ నంబర్లు వస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు, జాబితాలో చూసిన చిరునామాకి నేరుగా బయల్దేరతారు. అలా చేయొద్దు, ముందు ఫోన్ చేయండి. మన గ్రూపులన్నీ ఎవరి స్కూల్లోనో, ఎవరి చర్చి హాల్లోనో అద్దెకు ఉండేవి. స్కూలుకి పరీక్షలొస్తే గది మారుతుంది, చర్చిలో పెళ్ళి పెట్టుకుంటే ఆ వారం మేడ మీదికి పోతాం. ఈస్టర్ ముందు వారమైతే అసలు గదే దొరకదు. తాళం వేసిన గేటు చూసి వెనక్కి తిరిగిన మనిషి దారిలో వైన్స్ దగ్గర ఆగడని ఎవరు చెప్పగలరు?

ఫోన్లో ఇవి అడగండి: మీటింగ్ తెలుగులోనా ఇంగ్లీషులోనా? ఏ గేటు? మేడ మీదా కిందా? ఈరోజు ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అంటే భార్య, అన్న, స్నేహితుడు, డాక్టరు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళు మాత్రమే. హైదరాబాద్, సికింద్రాబాద్ వైపు ఇంగ్లీషు మీటింగులూ ఉంటాయి. తెలుగువాడైనా ఇంగ్లీషులో అయితేనే మనసు విప్పగలిగే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని చూశాను. ఏ భాషలో ఏడవగలరో ఆ మీటింగ్ చూసుకోండి.

పగలు చేస్తే ఎవరూ ఎత్తకపోవచ్చు, ఎందుకంటే చాలా గ్రూపుల్లో ఫోన్ చూసేవాళ్ళు ఉద్యోగాలు చేసుకునే సభ్యులే. సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ చేయండి. అప్పటికీ ఎవరూ ఎత్తకపోతే ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి 14446, మత్తు అలవాట్ల కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత నంబరు. కేంద్రం సాయంతో నడిచే డీఅడిక్షన్ సెంటర్ దగ్గర్లో ఉంటే చెబుతారు. రెండోది 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య నంబరు. రాత్రి రెండింటికి చేసినా తెలుగులో మాట్లాడతారు. ఇవి కాకుండా నేను ఎక్కువగా నమ్మే దారి ఒకటుంది. డీఅడిక్షన్ వార్డు ఉన్న ఆసుపత్రికి వెళ్ళి అక్కడి నర్సునో సోషల్ వర్కర్నో అడగండి. చాలా వార్డులకి మా సభ్యులు వెళ్ళి పేషెంట్లతో మాట్లాడుతుంటారు. ఏ గ్రూపు నడుస్తోందో, ఏది పేరుకే ఉందో వాళ్ళకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

ఇక్కడే మోసాల సంగతి చెప్పాలి. ఏఏ మీటింగ్‌కి ప్రవేశ రుసుము లేదు, నెల ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఏఏకి సొంత ఆసుపత్రి గానీ సెంటర్ గానీ ఎక్కడా లేదు. కాబట్టి "మాది ఏఏ సెంటరే, మూణ్ణెల్లకి ఇంత" అని ఎవరన్నా అంటే అది వాళ్ళ సొంత వ్యాపారం. ప్రైవేటు సెంటర్లలో మంచివీ ఉన్నాయి, రాత్రిపూట నలుగురు మనుషులొచ్చి మనిషిని వ్యాన్లో వేసుకుపోయి గొళ్ళెం పెట్టేవీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటి చోట్లకి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బు కట్టే ముందు ఆ కాగితం చూపించమనండి. చూపించడానికి నసిగితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఏ రోజు, ఏ వేళ

ఇది ఎవరూ పట్టించుకోరు గానీ నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. ఇంటికి దగ్గరనో ఆదివారం సెలవనో మీటింగ్ ఎంచుకోవద్దు. మీరు ఏ వేళకి తాగడం మొదలుపెడతారో ఆ వేళకి జరిగే మీటింగ్ చూసుకోండి. మన దగ్గర చాలా గ్రూపులు సాయంత్రం ఆరున్నర, ఏడు ప్రాంతంలో మొదలవుతాయి. డ్యూటీ దిగి, జేబులో డబ్బుండి, ఇంటికెళ్ళబుద్ధికాని వేళ అది. ఆ గంటన్నర గడిచిందంటే ఆకలేస్తుంది, అన్నం తింటారు, సగం గండం గట్టెక్కినట్టే.

అయ్యప్ప మాల సంగతే చూడండి. ఇరవై ఏళ్ళుగా రోజూ తాగే మనిషి మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ బాటిల్ మూత తీస్తాడు. భక్తి లేకనా? ఉంది. కానీ ఆ నలభై ఒక్క రోజులూ అతనికి సాయంత్రం భజన ఉంటుంది, పక్కన స్వాములుంటారు, రాని రోజున "స్వామీ, ఏమైంది" అని అడిగేవాళ్ళుంటారు. మాల తీశాక ఆ సాయంత్రాలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి. మా గదిలో మాల అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ మాట చెబితే వెంటనే తలూపేది వాళ్ళే.

దారి కూడా చూసుకోండి. మీకు అలవాటైన వైన్స్ ముందు నుంచి వెళ్ళే దారి వద్దు, నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా చుట్టూ తిరిగి రండి. చేతిలో ఆటోకి, టీకి సరిపడా డబ్బుంటే చాలు. ఫోన్‌పే ఉంది కదా అంటారా? మా గ్రూపులో ఒకాయన మొదటి నెలంతా ఫోన్ భార్యకిచ్చి మామూలు కీప్యాడ్ ఫోన్ పట్టుకుని వచ్చేవాడు. పరువు తక్కువగా అనిపించలేదా అని అడిగితే, రోడ్డు మీద పడిపోయినప్పటి కంటేనా అన్నాడు.

సొంత ఊళ్ళో ఎవరైనా చూస్తారేమోనని భయముంటే పక్క ఊరి గ్రూపుకి వెళ్ళండి. తెనాలి నుంచి విజయవాడకి, విజయవాడ నుంచి గుంటూరుకి అలా రైల్లో వచ్చిపోయేవాళ్ళున్నారు. తిరుగు రైలు టైము మాత్రం ముందే చూసుకోండి. స్టేషన్లో రెండు గంటలు ఒంటరిగా కూర్చోవడం కొత్తవాళ్ళకి మంచిది కాదు.

షాపులు మూస్తే మానేస్తాను అని ప్రభుత్వం మీదికి నెట్టేవాళ్ళకి కూడా ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్య నిషేధమే వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ నిషేధం రోజుల్లో కూడా తాగాలనుకున్నవాడికి యానాం నుంచో ఇంకెక్కణ్ణుంచో సరుకు దొరుకుతూనే ఉండేది. మీరు చూసుకోవాల్సింది ఈరోజు సాయంత్రం సంగతి.

గదిలోకి వెళ్ళాక

పది నిమిషాల ముందే రండి. అప్పుడు గదిలో ఇద్దరో ముగ్గురో కుర్చీలు వేస్తుంటారు, వాళ్ళతో మాట కలపడం తేలిక. నిండిన గదిలోకి ఆలస్యంగా వస్తే అందరూ మీ వైపే చూస్తున్నట్టుంటుంది. కుర్చీ వేయడానికి ఓ చెయ్యి వేశారంటే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది.

గోడకి రెండు పెద్ద బ్యానర్లు కడతాం. ఒకదాని మీద పన్నెండు మెట్లు, అంటే తాగుడు మానడానికి సభ్యుడు ఒక్కొక్కటిగా పాటించే సూత్రాలు. ఇంకోదాని మీద పన్నెండు సంప్రదాయాలు, అంటే గ్రూపులు నడుచుకునే పద్ధతులు. రెండూ తెలుగులో. చర్చి హాలైతే వెనక శిలువ కనిపిస్తుంది. ఫోన్లో చాలామంది గొంతు తగ్గించి అడిగేది ఇదే, "మతం మారుస్తారా అండీ?" అని. లేదు. సాయంత్రం పూట తక్కువ అద్దెకి గది ఇచ్చేది చర్చిలూ స్కూళ్ళే కాబట్టి అక్కడ పెట్టుకుంటాం, అద్దె మా జేబుల్లోంచే కడతాం. మొదట్లోనో చివర్లోనో చిన్న ప్రార్థన ఉంటుంది. మార్చలేనిదాన్ని ఒప్పుకునే శాంతి, మార్చగలిగినదాన్ని మార్చే ధైర్యం, ఆ రెంటికీ తేడా తెలుసుకునే తెలివి ఇవ్వమని అడిగే ప్రార్థన అది. దేవుడి పేరు మీకు నచ్చినట్టు అనుకోవచ్చు. మా దగ్గర హనుమాన్ చాలీసా చదివేవాళ్ళున్నారు, నమాజు చేసుకుని వచ్చేవాళ్ళున్నారు, దేవుడూ లేడు దయ్యమూ లేదనే పాత పార్టీ మనిషి ఒకాయన కూడా ఉన్నాడు. ప్రార్థన వేళ ఆయన నోరు మూసుకుని నిలబడతాడు. ఎవరూ ఏమీ అనరు.

రిజిస్టర్లో పేరు రాయించం. ఇంటిపేరు అడగం, కాబట్టి కులం తెలిసే దారి కూడా తక్కువే. ఉద్యోగం అడగం. సభ్యుడు కావడానికి ఒకే ఒక్క అర్హత, తాగుడు మానాలనే కోరిక. ఇవాళే తాగి వచ్చారనుకోండి, అయినా వెళ్ళగొట్టం. మాట్లాడకుండా కూర్చుని వినమంటాం. ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. గెజిటెడ్ ఆఫీసరు మాట్లాడుతుంటే ఆటో తోలే తమ్ముడు తెలియకుండానే కాస్త ఒదిగి కూర్చుంటాడు. ఒకణ్ణి "సార్" అనీ ఇంకొకణ్ణి "ఏరా" అనీ పిలిచే అలవాటు గేటు బయట వదిలిపెట్టి రావడం అందరికీ చేతకాదు. పోనుపోను తగ్గుతుంది.

ఛైర్మన్ అనిపించుకునే సభ్యుడు ఆ రోజు మీటింగ్ నడుపుతాడు. ఒక నిమిషం మౌనం, ఏఏ అంటే ఏమిటో చెప్పే నాలుగు వాక్యాలు, ఆ తర్వాత షేరింగ్. ఒక్కొక్కరే లేచి "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అంటారు, మిగతావాళ్ళు పలకరిస్తారు. ఐదారు నిమిషాలు తన కథ చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు, వాదించరు. మన వాళ్ళకి ఇదే అన్నిటికంటే కష్టం. నలుగురు చేరితే నాలుగు సలహాలిచ్చే జాతి మనది. మీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే చాలు. వారాల తరబడి అలాగే అని, ఆ తర్వాత ఒకరోజు అరగంట ఆపకుండా మాట్లాడినవాళ్ళని చూశాను.

అక్కడ విన్నది బయట చెప్పకూడదు. బజార్లో కనబడితే సభ్యులు మిమ్మల్ని మామూలుగానే పలకరిస్తారు. మీ ఆవిడ పక్కనుండగా "మీటింగ్‌లో కలిశాం కదా" అనరు.

చివర్లో ఒక సంచీనో టోపీనో అందరి ముందుకీ వస్తుంది. సభ్యులు పదో ఇరవయ్యో వేస్తారు. బయటివాళ్ళ చందాలు తీసుకోం. కొత్తవాళ్ళు ఏమీ వేయక్కర్లేదు, పక్కవాడికి అందించేయండి.

తర్వాత టీ. ఇది నా డిపార్ట్‌మెంటు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను పేపర్ కప్పులో ఇవ్వను. వణికే చేతిలో పేపర్ కప్పు నొక్కుకుపోయి టీ వేళ్ళ మీద ఒలుకుతుంది. అందరూ చూశారని ఆ మనిషి మళ్ళీ రాడు. అందుకని స్టీలు గ్లాసులో సగమే పోస్తాను, చక్కెర కాస్త ఎక్కువ వేస్తాను, బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాను, చేతికివ్వను. రెండు చేతులతో పట్టుకుని తాగుతారు. అయిపోయాక ఇంకో సగం. గదిలో పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళున్నారు గానీ, మొదటిరోజు వచ్చినవాళ్ళకి గుర్తుండేది టీ దగ్గర ఎవరు పక్కన నిలబడ్డారన్నదే. కాబట్టి మీటింగ్ అవగానే పారిపోవద్దు. ఓ పది నిమిషాలు ఆగి, ఇద్దరి ముగ్గురి నంబర్లు తీసుకుని అప్పుడు వెళ్ళండి.

ఆడవాళ్ళు, ఇంట్లోవాళ్ళు

తాగుడు సమస్య ఉన్న ఆడవాళ్ళు మన దగ్గర లేరని కాదు, గదిలోకి రాలేకపోతున్నారు. వచ్చే ముందు ఫోన్ చేసి, వేరే మహిళా సభ్యురాలు ఉన్నారా అని అడగండి. ఉంటే ఆమెతోనే మాట్లాడిస్తాం. లేకపోతే ఆన్‌లైన్‌లో ఆడవాళ్ళకి మాత్రమే పెట్టే మీటింగులున్నాయి, కెమెరా ఆపుకుని వినొచ్చు. పాత మగ సభ్యులెవరన్నా "నేను నీకు దారి చూపిస్తా" అని ఒంటరిగా కలవమంటే వద్దనండి. స్పాన్సర్‌గా, అంటే కొత్తవాళ్ళకి తోడుండి దారి చూపే పాత సభ్యులుగా, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే, మగవాళ్ళకి మగవాళ్ళే అన్నది మా దగ్గర ఎప్పట్నుంచో ఉన్న మర్యాద.

భార్యలు, అమ్మలు చేసే ఫోన్లే నాకు ఎక్కువ. "మీరొచ్చి ఆయన్ని తీసుకెళ్ళండి అన్నయ్యా" అంటారు. ఆయన ఒప్పుకుంటే ఇద్దరం సభ్యులం ఇంటికొచ్చి మాట్లాడతాం, అది మేం చేసే పనే. ఒప్పుకోకపోతే చేతులు కట్టి తీసుకురాలేం. పిల్లాడి నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకోవడం కూడా మానుకోండమ్మా. ఒట్టు తప్పిన రోజు ఆ సిగ్గుతో ఇంకాస్త తాగుతాడు, పిల్లాడికి జ్వరమొస్తే మీరు భయపడి చస్తారు.

ఆయన రాకపోయినా మీరు వెళ్ళగలిగే చోటు ఒకటుంది, అల్-అనాన్. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం 1951లో అమెరికాలో మొదలైంది. మన దేశంలోనూ గ్రూపులున్నాయి. కొన్నిచోట్ల ఏఏ మీటింగ్ జరిగే ఆవరణలోనే పక్క గదిలో, అదే వేళకి జరుగుతుంది. ఆయన్ని ఎలా మార్చాలో అక్కడ చెప్పరు. ఆయన తాగొచ్చిన రాత్రి మీరు ఎలా నిద్రపోవాలో, అప్పులవాడికి ఎవరు జవాబు చెప్పాలో, ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండీ" అని అబద్ధం చెప్పడం ఎప్పుడు ఆపాలో, ఇలాంటివి మాట్లాడుకుంటారు. టీనేజీ పిల్లలకి అలటీన్ అని వేరే ఉంది, అది అన్ని ఊళ్ళల్లో దొరకదు.

మొదటి మూడు నెలలు

ఒక్క మీటింగ్ చూసి తేల్చేయొద్దు. ఒక గ్రూపులో ముసలివాళ్ళే ఉండొచ్చు, ఇంకోచోట ఒకాయనే గంటసేపు మైకు వదలకపోవచ్చు. రెండు మూడు చోట్ల కూర్చుని చూశాక ఒకదాన్ని మీదిగా చేసుకోండి. అక్కడ ఏదో ఒక పని అడిగి తీసుకోండి. కుర్చీలు మడవడమైనా సరే. పని ఉంటే రాని రోజున మిమ్మల్ని వెతుక్కుంటూ ఫోన్ వస్తుంది.

తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని పాతవాళ్ళు చెబుతారు. హైదరాబాద్‌లో రోజుకో పేట పట్టుకుని తిరిగితే కుదురుతుందేమో గానీ, వారానికి రెండు మీటింగులున్న ఊళ్ళో ఎక్కణ్ణుంచి తెస్తాం? మిగతా రోజులకి ఆన్‌లైన్ మీటింగులు పెట్టుకోండి. గదిలో కూర్చోవడానికి అది సాటి రాదు గానీ, ఖాళీ సాయంత్రం కంటే నయం.

స్పాన్సర్ అంటే మీకంటే ముందు మానేసి, మెట్లు ఎక్కిన అనుభవం ఉన్న సభ్యుడు. ఎవరి మాటలు మీ కథలా అనిపిస్తే ఆయన్నే అడగండి. బాగా మాట్లాడేవాడి కంటే ఫోన్ ఎత్తేవాణ్ణి ఎంచుకోండి.

పండగలే అసలు పరీక్ష. సంక్రాంతికి భీమవరం వైపు పందేల బరులు, తెలంగాణలో దసరా, బోనాలు, ఊరి జాతర, పెళ్ళిళ్ళు. చావింట్లో కూడా మందు పోసే ఆచారం కొన్ని ఊళ్ళల్లో ఉంది. మొదటి ఏడాది వీటిల్లో కొన్ని మానుకుంటే కొంపలేం మునగవు. తప్పదంటే ముందురోజు ఒక మీటింగ్‌లో, తర్వాతి రోజు ఇంకోదాంట్లో కూర్చోండి. జేబులో స్పాన్సర్ నంబరు, చేతిలో సొంత బండి తాళం ఉండాలి. "డాక్టరు వద్దన్నాడు, లివరు పాడైంది" అంటే మన చుట్టాలు వదిలేస్తారు. "మానేశాను" అంటేనే "ఒక్క పెగ్గేరా" అని గ్లాసు మూతికి పెడతారు.

మళ్ళీ తాగితే? మేం దాన్ని స్లిప్ అంటాం. మర్నాడు మీటింగ్‌కి రండి. తేదీ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు, తిట్టరు. ఏడాది నిండినవాళ్ళకి పుట్టినరోజని కేకు కోయిస్తాం, ఆరోజు ఓపెన్ మీటింగ్ పెట్టి ఇంట్లోవాళ్ళని పిలుస్తాం. ఆ కేకు మూడోసారి, నాలుగోసారి కోసినవాళ్ళు కూడా ఉన్నారు. డాక్టరు రాసిన మందులు మాత్రం మీటింగ్‌లో ఎవరో చెప్పారని ఆపొద్దు. నిద్రకీ డిప్రెషన్‌కీ మాత్రలు వాడితే నువ్వు సోబర్ కాదు అనే మేధావులు అక్కడక్కడా తగులుతారు. వాళ్ళు మెకానిక్కులో గుమస్తాలో గానీ డాక్టర్లు కారు.

దేవుడు, ప్రార్థన అన్నవి అసలు పడనివాళ్ళకి స్మార్ట్ రికవరీ అని ఇంకో పద్ధతి ఆన్‌లైన్‌లో ఉంది, ఎక్కువగా ఇంగ్లీషులో.

విదేశాల్లో ఉన్నవాళ్ళు, గ్రూపు లేని ఊళ్ళవాళ్ళు

అమెరికాలో ఉన్నవాళ్ళకి మీటింగ్ దొరకడం మనకంటే తేలిక. మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్‌లో దగ్గర్లో ఏముందో, ఎన్ని గంటలకో కనిపిస్తుంది. తెలుగువాళ్ళ కంటబడతామేమో, మన అసోసియేషన్లో తెలిసిపోతుందేమో అని భయపడే డల్లాస్, న్యూజెర్సీ కుర్రాళ్ళకి ఇంగ్లీషు మీటింగే ఒక విధంగా చాటు. తాగి బండి నడిపి అరెస్టయితే వీసా రద్దయ్యే ప్రమాదం ఉందని వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెలుగులోనే వినాలనిపిస్తే ఇక్కడి ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరొచ్చు. మన రాత్రి ఏడున్నర అంటే న్యూజెర్సీలో వేసవిలో పొద్దున పది, చలికాలంలో తొమ్మిది. దుబాయ్‌లో సాయంత్రం ఆరు, కువైట్‌లో ఐదు.

మీ ఊళ్ళో గ్రూపే లేకపోతే ఇద్దరు మనుషులు చాలు, మొదలుపెట్టొచ్చు. ముంబై ఆఫీసుకి రాస్తే పుస్తకాలు, కాగితాలు పంపే ఏర్పాటు చేస్తారు. గది అడిగేటప్పుడు ఫాదర్‌కో హెడ్‌మాస్టర్‌కో ఉన్నదున్నట్టు చెప్పండి. తాగుబోతులొచ్చి గొడవ చేస్తారని వాళ్ళకి భయముంటుంది. ఒక నెల చూడమనండి, ఊరికే ఇస్తామన్నా ఎంతో కొంత అద్దె కట్టండి, రసీదు తీసుకోండి. ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. రెండోవాడు రాకపోయినా గది తెరిచి గంటసేపు కూర్చోండి. గ్రూపు నిలబడ్డాక పేరు, రోజు, సమయం, ఫోన్ నంబరు ముంబైకి రాసి పంపితే జాబితాలో చేరుస్తారు. సిమ్ మార్చినప్పుడు మాత్రం ఆ సంగతి వాళ్ళకి తెలియజేయడం మర్చిపోవద్దు. పలకని నంబరుకి మూడుసార్లు చేసి విసిగిపోయినవాళ్ళు నాలుగోసారి చేయరు.